చేతికివ్వని పానా

ఆవిడ దాన్ని నా చేతికివ్వలేదు. సంచిలోంచి పాత జరీ చీర ముక్క ఒకటి తీసి, మా హాల్లో నేల మీద పరిచి, దాని మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది. అదేమిటో నాకింకా కనపడనేలేదు, కళ్ళజోడు వంటింట్లో ఉండిపోయింది. అయినా గుండె గుభేలుమంది. పనిముట్టుని మనిషి చేతికివ్వకుండా నేల మీద పెట్టి, అవతలివాళ్ళు వంగి తీసుకునేదాకా ఆగడం నేను ఒక్క మా నాన్న షెడ్డులోనే చూశాను. ఆ షెడ్డు ఎప్పుడో పోయింది. ఆ పద్ధతి తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాననుకుంటూ అరవై ఐదేళ్ళు దాటించేశాను.

"కూర్చోండి" అన్నాను.

"కూర్చోనండి. మళ్ళీ బస్సందుకోవాలి. నాన్న ఇచ్చేసి రమ్మన్నారు, ఇచ్చేశాను" అందావిడ. యాభై దాటిన మనిషి. పేరు సత్యవతి అనీ, ఉప్పాడ నుంచి తెల్లారకముందే బయల్దేరి రాజమండ్రి వచ్చాననీ గుమ్మంలోనే చెప్పింది.

"మీ నాన్నగారెవరు?"

"అప్పన్నగారండి. మీ నాన్నగారి షెడ్డులో చేసేవారు."

నేను వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుని, మోకాళ్ళు మొత్తుకుంటున్నా వంగి చూశాను. జానెడు పొడుగు ఇనప పానా. రెండు కొసలా రెండు నోళ్ళు. మధ్యలో కాడ మీద పంచితో కొట్టిన మూడు చుక్కలు, పొయ్యిరాళ్ళలాగా. అది మా నాన్న గుర్తు. ఆ మూడు చుక్కల కోసం నేను ఈ చుట్టుపక్కల తిరగని పాత ఇనప సామాను కొట్టు లేదు. ఎన్ని తుప్పు గుట్టలు చేతులతో కెలికానో, ఎన్నిసార్లు టీటీ ఇంజక్షను చేయించుకున్నానో మా ఆయన్నడగాలి. అలాంటిది, అదే నడుచుకుంటూ నా ఇంటికొచ్చి నేల మీద పడుకుంది.

"మీ వీడియో చూశామండి" అంది సత్యవతి. "మా అబ్బాయి ఫోన్లో పెట్టాడు. నాన్నకి కళ్ళు సరిగ్గా ఆనవు, పక్కన కూచుని విన్నారు. మళ్ళీ పెట్టమన్నారు. రెండోసారి కూడా పూర్తిగా విని, ఇది తీసి తుడిచి, వెళ్ళి ఇచ్చేసి రామ్మా అన్నారు."

ఆ వీడియో సంగతి చెప్పాలి. నా దగ్గర చదువుకుని ఇప్పుడు ఏదో చానెల్ నడుపుకుంటున్న పాత స్టూడెంటు ఒకడు మొన్నామధ్య వచ్చి, 'మేడం, మీ పానాల కథ చెప్పండి' అంటే ఉబ్బిపోయి చెప్పాను. మా పడగ్గదిలో టేకు పలక ఒకటి చేయించి దాని మీద నాన్న పానాలు వరసగా తగిలించాను. మొత్తం పన్నెండు. పదకొండు ఉన్నాయి. పన్నెండోదాని చోట తెల్లరంగుతో గీసిన ఆకారం మాత్రం ఉంది. వాడు ఆ ఖాళీ చూపించి అదేంటని అడిగాడు. నేను నవ్వుతూ, "మా నాన్న దగ్గర అప్పన్నని ఒకతను పనిచేసేవాడు, వెళ్తూ వెళ్తూ ఎత్తుకుపోయాడు" అన్నాను. నవ్వుతూ అన్నాను, అదే నన్నిప్పుడు కోస్తోంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ రోజుకి పదిసార్లు చెప్పేది, నాకెప్పుడూ ఎక్కలేదు.

అప్పుడైనా ఊరుకున్నానా? "అయితే ఇన్నేళ్ళూ మీ ఇంట్లోనే ఉందన్నమాట" అన్నాను.

సత్యవతి మొహం ఎర్రబడింది. "మా ఇంట్లోనే ఉందండి. నా తలకింద ఉంది. నేను పుట్టినప్పుడు మీ నాయనమ్మగారే తెచ్చి పురిటి మంచంలో పెట్టారంట. మా అమ్మ పోయేదాకా అదే చెప్పింది. అమ్మకి ఏదో ఇనుమనే తెలుసు, నాన్నకి అదీ తెలీదు, ఉప్పాడ వచ్చి పక్క విప్పితే పానా అని బయటపడిందంట. నా పిల్లల పురిట్లోనూ అదే పెట్టాం, మనవడికీ అదే. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు" అని, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది.

నమ్మలేదు నేను. వీధి చివరదాకా ఆవిడ నడక చూస్తూ, చచ్చిపోయిన నాయనమ్మ మీదకి నెట్టేస్తే ఎవరొచ్చి కాదంటారని కూడా అనుకున్నాను. కానీ ఇక నాకు కాలు నిలవలేదు. కుళాయి కారుతోందని బిగించాను, అది బానే ఉంది. ఫ్యాను రెగ్యులేటరు విప్పాను. మా ఆయన పేపరు దించి, "ఆ పానాని ముందు నేల మీంచి తియ్యి, లేకపోతే ఇల్లంతా విప్పేసేలా ఉన్నావు" అన్నారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, ఏ చలనమూ లేకుండా గంటలు గంటలు కూర్చోగలరు. నేను కాలుగాలిన పిల్లిని. చిన్నప్పటి నుంచీ అంతే.

మాది రావులపాలెం నుంచి కాలవ గట్టు పట్టుకుని లోపలికి వెళ్తే వచ్చే ఊరు. నాన్న ఇంజను మేస్త్రి. అరటితోటలకీ కొబ్బరితోటలకీ నీళ్ళు తోడే ఆయిలింజన్లు, ధాన్యం మిల్లు ఇంజన్లు, ఏది మొరాయించినా సూర్రావు మేస్త్రికే కబురొచ్చేది. ఇంటి పక్కనే తాటాకు షెడ్డు. మా ఇంట్లో అన్నం ఉడికే వాసన, కిరసనాయిలు వాసన ఎప్పుడూ కలిసే ఉండేవి. వేరే ఇళ్ళలో భోంచేస్తే ఏదో తక్కువైనట్టు ఉండేది నాకు. నాన్న పన్లోంచి వచ్చి రంపపు పొట్టూ, బట్టల సబ్బు ముక్కా కలిపి మోచేతులదాకా రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా గోళ్ళ చుట్టూ నలుపు పోయేది కాదు. ఆయన మంచినీళ్ళ చెంబు వేరుగా ఉండేది, దాని మీద గ్రీజు వేలిముద్రలు శాశ్వతంగా ఉండిపోయాయి. హడావుడి రోజుల్లో అమ్మ పెరుగన్నం ముద్దలు చేసి షెడ్డులోకి తెచ్చి ఆయన నోట్లోనే పెట్టేసేది. చుట్ట ఒక పక్క, ముద్ద ఒక పక్క, మధ్యలో ఇంజను మీద తిట్లు. స్క్రూడ్రైవరు కొస ఇంజనుకీ, పిడి చెవికీ ఆనించి కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ కాసేపూ మేమెవరం మాట్లాడకూడదు. అలా గమ్మున ఉండాల్సి రావడం నాకు ప్రాణసంకటంగా ఉండేది.

నాన్న పానాలు పన్నెండూ ఇంగ్లీషువాళ్ళ కాలం నాటివి. ఆయనకి పని నేర్పిన మేస్త్రి దగ్గర నుంచి వచ్చాయి. అమ్మ ఖాకీ గుడ్డతో పన్నెండు జేబుల సంచీ కుట్టింది, దాన్ని చుట్ట చుట్టి టేకు పెట్టెలో పెట్టేవాళ్ళు. వాటి మీద రాసిన కొలత నోటిది కాదు, బోల్టు లావుది. మూడు బై ఎనిమిది అని రాసి ఉంటుంది, నోరు చూస్తే దానికి రెట్టింపు. తెలియనివాళ్ళు స్కేలు పెట్టి కొలిచి, కొలత తప్పని పారేస్తారు. పైన రాసింది చూసి మోసపోకూడదు, నోరు చూడాలి అని నేను హైస్కూల్లో పిల్లలకి ఫిజికల్ సైన్సు చెబుతూ ఎన్నిసార్లు అన్నానో. ఈ విద్య నాకు నాన్న నేర్పాడని అందరికీ చెబుతాను. అబద్ధం. నేర్పింది అప్పన్న.

అప్పన్నకి అప్పటికి పాతికేళ్ళుంటాయి. నాన్న దగ్గర ఎనిమిదేళ్ళ నుంచి ఉన్నాడు. ఆడపిల్లని షెడ్డులోకి రానివ్వకూడదని నాన్న, పానాలు ముట్టుకోకపోతే అన్నం సయించని నేను. నాన్న ఊరి మీదకి వెళ్ళినప్పుడు అప్పన్న గోనెపట్టా పరిచి, దాని మీద పానా పెట్టి, "కళ్ళు మూసుకో పాపా. వేలితో చూసి చెప్పు" అనేవాడు. బొటనవేలు నోట్లో దూర్చి, కాడ మందం చూసి, అరిగిన అంచు చూసి చెప్పాలి. నెల తిరిగేసరికి పన్నెండూ చెప్పేశాను. "మేస్త్రిగారికి మగపిల్లలున్నారు గానీ ఇంజను నీ చేతుల్లోకొచ్చింది పాపా" అని నవ్వేవాడు. నేను పొంగిపోయి, వేరే ఎవరి మాటా వినేదాన్ని కాదు.

ఆ ఆటలో కూడా పానా నా చేతికిచ్చేవాడు కాదు. ఉప్పూ, నూనే, పానా చేతికి చేయి ఇస్తే తగువులొస్తాయని మా షెడ్డు శాసనం. గ్రీజు పానా చేయి జారి ఎవరి కాలో విరిగి ఉంటుంది, దాన్నుంచి పుట్టి ఉంటుంది. ఏదైతేనేం, పట్టా మీద పెట్టాలి, అవతలివాడు వంగి తీసుకోవాలి. జీవితంలో ఒక్కసారే చేతిలో పెట్టేది. పని నేర్చుకున్నవాడు సొంతంగా షెడ్డు పెట్టుకుంటానంటే, విజయదశమి పొద్దున్న పూజలోంచి మేస్త్రి తన పానాల్లో ఒకటి తీసి వాడి చేతిలో పెట్టి, మొదటిసారి 'మేస్త్రీ' అని పిలవాలి. అప్పటిదాకా వాడికి పేరే. ఆ తర్వాత ఆ పానా చూపిస్తే చాలు, చుట్టుపక్కల పది ఊళ్ళలో ఇంజను అప్పజెప్పేవాళ్ళు.

ఆ దసరాకి అప్పన్న వంతు వచ్చింది. కాలవ అవతల ఊళ్ళో షెడ్డు వేసుకుంటున్నాడు. అందరూ సంతోషంగా ఉన్నారు, నేను తప్ప. అప్పన్న వెళ్ళిపోతే నాకు పట్టా పరిచేవాళ్ళెవరు? వారం రోజులు అతనితో మాట్లాడలేదు. పలకరిస్తే మూతి తిప్పుకుని పోయేదాన్ని. అదే వారంలో అతని భార్యకి ఆడపిల్ల పుట్టింది. ఆవిడకి తల్లి లేకపోవడంతో పురుడు మా ఊళ్ళోనే, మా ఇంటి వెనక వీధిలో పోసుకుంది. మా నాయనమ్మే దగ్గరుండి వాము, వెల్లుల్లి, కారప్పొడీ అన్నీ చూసుకునేది.

ఆయుధపూజ పొద్దున్నే పానాలు కిరసనాయిల్లో కడిగి తుడవడం ఒక పెద్ద పని. అంతకు రెండు రోజుల ముందు నాన్న ఒక పాత ఇంజను నట్టు కోసం, మూడు బై ఎనిమిది పానా నోరు ఆకురాయితో కాస్త రాచి, నూనె రాసి గోడ గూట్లో పెట్టాడు. "అప్పన్నా, గూట్లోది పెట్టెలో పెట్టెయ్" అన్నాడు సాయంత్రం. "అలాగేనండి" అన్నాడు అప్పన్న. ఇది నా చెవులతో విన్నాను. పూజనాడు నేల అలికి, కొత్త గోనెపట్టా పరిచి, నాన్న ఆ ఒక్కరోజు నన్నే పానాలు పేర్చమనేవాడు, ఆడపిల్ల చేయి లక్ష్మి అని. పేర్చాను. పదకొండే ఉన్నాయి.

"సరిగ్గా చూడు" అన్నాడు నాన్న.

"చూశాను. మూడు బై ఎనిమిది లేదు." ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే అన్నాను. "మొన్న సాయంత్రం అప్పన్న ఒక్కడే పెట్టె తీశాడు నాన్నా. నేను చూశాను."

చూసిన మాట నిజం. దొంగ అన్న మాట నేను అనలేదు. కానీ పదేళ్ళ పిల్లకి కూడా తెలుసు, ఏ మాట ఎక్కడ పెడితే ఏమవుతుందో. నాన్న అప్పన్నని పిలిచి అడిగాడు. గూట్లో కనపడకపోతే మీరే పెట్టెలో పెట్టేశారనుకున్నానండి అన్నాడు అప్పన్న. నాన్న ఇంకేమీ అనలేదు. ఆయన అరిచినా బాగుండేది.

మర్నాడు విజయదశమి. ఇద్దరు పెద్ద మేస్త్రులు, తోటల రైతులు అయిదారుగురు వచ్చి కూర్చున్నారు. అప్పన్న తలంటుకుని, కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. నాన్న తాంబూలం ఇచ్చాడు. తువ్వాలు కప్పాడు. అప్పన్న రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. నాన్న పూజ వైపు తిరగలేదు. "వెళ్ళిరా అప్పన్నా" అన్నాడు. అంతే. పేరు పెట్టే పిలిచాడు. ఆ చాపిన చేతులు ఎంతసేపు అలా ఉన్నాయో నాకు గుర్తులేదు గానీ, వాటిని ఎలా దించాడో గుర్తుంది, తడి చేతులు తుడుచుకున్నట్టు కొత్త పంచెకి తుడుచుకుంటూ. సాయంత్రానికల్లా సూర్రావు మేస్త్రి పానా ఇవ్వలేదంట అని ఊరంతా పాకింది. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. కాలవ అవతల షెడ్డుకి ఒక్క ఇంజను రాలేదు. నెల తిరక్కుండా పసిపిల్లని ఎత్తుకుని భార్య పుట్టిల్లయిన ఉప్పాడ వెళ్ళిపోయారు. అక్కడ బావమరుదుల మగ్గం దగ్గర కండెలు చుట్టుకుంటున్నాడని ఎవరో చెబితే అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాన్న విననట్టు చుట్ట వెలిగించుకున్నాడు. ఆ తర్వాత ఆ కొలత నట్టు ఎప్పుడు వచ్చినా స్క్రూ పానాతో తంటాలు పడేవాడు. అది జారేది. జారినప్పుడల్లా అప్పన్న కూర్చునే చోటుకేసి చూసేవాడు. ఇంకో పానా కొనలేదు. ఖాకీ సంచీలో ఆ జేబు చివరిదాకా ఖాళీగానే ఉంది.

ఇదంతా తలుచుకుంటూ, భూతద్దం తీసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. మూడొందల పానాలు చూసిన కళ్ళివి. ఒక పానా ఎన్ని ఏళ్ళు పని చేసిందో, ఏ పని చేసిందో దాని నోరే చెబుతుంది. పలక మీదున్న పదకొండింటి నోళ్ళూ వాడి వాడి నున్నబడి, అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. దీని నోట్లో నాన్న ఆకురాయి గీతలు నిన్న గీసినట్టున్నాయి. అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటి. ఒక్క నట్టుకి పెట్టి ఒక్క తిప్పు తిప్పినా ఆ గీతలు చితికిపోవాలి. చితకలేదు. కాడ మాత్రం తలగడ కింద రాసుకుని రాసుకుని మెత్తగా మెరుస్తోంది. ఇంజను మేస్త్రి ఇంట్లో ఇన్నేళ్ళున్న పానా ఇది. తర్వాత పడవలకి ఇంజన్లొచ్చాక ఉప్పాడలో అతను మళ్ళీ పానాలు పట్టాడని కూడా విన్నాను. దొంగిలించినవాడైతే వాడుకోడూ? వాడుకోవడానికే కదా ఎవడైనా దొంగిలించేది! నేను అక్కడే, కిటికీ చువ్వ పట్టుకుని, సిగ్గుతో చచ్చిపోయాను.

దాన్ని పలక మీద తెల్లగీత లోపల తగిలించి చూశాను. ఇసుమంత తేడా లేకుండా సరిపోయింది. ఎన్నేళ్ళ కోరిక! మా ఆయన వెనకే వచ్చి, "హమ్మయ్య, నిండింది. ఇకనైనా కుదురుగా కూర్చుంటావా?" అన్నారు. రెండు నిమిషాలు కూడా చూడలేకపోయాను. తీసేశాను. స్టూడెంటుకి ఫోన్ చేసి ఆ వీడియో అప్పటికప్పుడు తీయించేశాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

బస్సులో మూడు సీట్లు మారాను. కండక్టరు "ఏంటమ్మా, ఎక్కడా నచ్చట్లేదా?" అన్నాడు. పెద్దాపురం వచ్చింది. నాయనమ్మ ఆ దసరాకి పెద్దాపురంలో మా మేనత్త ఇంటికి వెళ్ళింది, పూజకి ముందు రోజే. అక్కడే జ్వరంతో మంచం పట్టి, కార్తీకం రాకుండానే పోయింది. పానా సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు, ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. షెడ్డు గొడవలు ముసలావిడకెందుకని. ఆవిడకి ఇనుమంటే అంతా ఇనుమే, కొడవలైనా పానా అయినా. బస్టాండులో బస్సాగినప్పుడు, పక్కన ఎవరో ముసలావిడ సంచీలో వెల్లుల్లి వాసన గుప్పుమంది. అంతే, నాన్న అప్పన్నకి పానా అప్పజెప్పిన రోజు కళ్ళకి కట్టింది. ఆ సాయంత్రం నాయనమ్మ షెడ్డులోంచి బయటికొస్తోంది. ఒక చేతిలో వెల్లుల్లి మూట. రెండో చేత్తో ఏదో బొడ్డులో దోపుకుని కొంగు కప్పుకుంటోంది. "ఎక్కడికి నాయనమ్మా?" అంటే, "పసిగుడ్డు తలకింద ఇనుము లేదటే, గాలీ ధూళీ సోకదూ?" అంటూ వెనక వీధిలోకి వెళ్ళింది. అది చూసింది కూడా నేనే. ఆ సాయంత్రం నేను రెండు చూశాను. ఒకటే చెప్పాను. రెండోది ఇన్నేళ్ళు నా బుర్రలోనే తుప్పు పట్టి పడుంది, నేను మాత్రం ఊళ్ళు పట్టుకుని తుప్పు గుట్టలు కెలుకుతూ తిరిగాను.

ఉప్పాడలో వాళ్ళ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. సముద్రానికి దూరంగా కట్టిన కాలనీ, రెండు గదుల ఇల్లు, ముందు రేకుల వరండా. ఇనప మంచం మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నారు. కదిలినప్పుడల్లా మంచం కిర్రుమంటోంది. సత్యవతి నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది, రమ్మనలేదు, వద్దనలేదు.

"ఎవరూ?" అన్నారాయన.

"నేనండి. సూర్రావు మేస్త్రిగారి అమ్మాయిని. వరాన్ని."

మంచం గట్టిగా కిర్రుమంది. "వరం పాపా! ఏంటమ్మా ఇంత దూరం? సత్య తెచ్చిచ్చింది కదా, అందలేదా?"

ఆయనకి తట్టిన మొదటి భయం అదీ. "అందిందండి" అన్నాను. 

"నేను తియ్యలేదమ్మా అది."

"తెలుసండి. నోరు చూశాను. ఆకురాయి గీతలు అలాగే ఉన్నాయి. మీరు ఒక్క నట్టుకి కూడా పెట్టలేదు."

"ఎలా పెడతానమ్మా? నాకిచ్చింది కాదుగా. పిల్లకిచ్చింది. పిల్ల తలకిందే ఉంచాం. తెచ్చిచ్చేద్దామని నాలుగుసార్లు బయల్దేరాను. తెస్తే తీసి భయపడి తెచ్చాడంటారు, తేకపోతే తీశాడంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అలాగే ఉండిపోయాను. సముద్రం రెండిళ్ళు మింగింది, మూడో ఇల్లిది. రెండుసార్లూ ముందు దాన్నే బయట పడేశాను."

"మీరు పెట్టె తీశారని ఆ రోజు నాన్నకి చెప్పింది నేనేనండి."

"తెలుసు. నువ్వు చెప్పినప్పుడు నేను షెడ్డు బయటే ఉన్నాను. చిన్నపిల్లవి, చూసింది చెప్పావు. దానికేముంది." కొంచెం ఆగారు. "మొన్న ఫోన్లో అన్నదే..."

"తప్పు చేశానండి. ఒకసారి కాదు, రెండుసార్లు చేశాను. వీడియో తీయించేశాను. నాయనమ్మే తీసుకెళ్ళిందని, నేను కళ్ళారా చూశానని ఇంకోటి పెట్టి చెప్తాను."

"ఇప్పుడెందుకులేమ్మా" అన్నారు. మళ్ళీ వెంటనే, "లేదు, పెట్టు. సత్య అత్తారివైపు వాళ్ళు కూడా చూశారంట" అన్నారు. గుమ్మంలో సత్యవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను సంచీలోంచి పానా తీశాను. ఆ చప్పుడుకే ఆయనకి తెలిసిపోయింది. చేత్తో నేల మీద తడుముతూ, "కింద పెట్టమ్మా, తీసుకుంటాను" అన్నారు.

నేను మేస్త్రిని కాను. దసరా కూడా కాదు. పోయిన నాన్న తరఫున ఇచ్చే హక్కు నాకుందో లేదో తెలీదు. ఆయన బతికుండగా ఇంట్లో ఎవరూ ఆయన మాటకి ఎదురు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను.

"కింద పెట్టనండి. చెయ్యి చాపండి, అప్పన్న మేస్త్రిగారూ."

ఆయన చాపలేదు. చేతులు పంచెకి తుడుచుకున్నారు. అలా తుడుచుకోవడం నేను ఇంతకు ముందు చూశాను. అప్పుడు రెండూ కలిపి చాపారు. అరచేతుల్లో పెట్టాను. వేళ్ళు మూసుకున్నాయి. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా, బొటనవేలు దాని నోట్లో దూర్చి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

"మేస్త్రిగారు పన్నెండింట్లో నాకేదిచ్చేవారో అని చాలా ఏళ్ళు అనుకున్నానమ్మా" అన్నారు. "ఇదిచ్చినా ఇచ్చుండేవారు. అయితే మాత్రం, ఇప్పుడు దీంతో ఏం విప్పమంటావు?"

నేను ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతూ నిలబడ్డాను.

ఆయన మంచం మీంచి దిగి, నేల మీద గొంతుక్కూర్చుని, మంచం కోడు వెంబడి చెయ్యి పోనిచ్చి నట్టు పట్టుకున్నారు. "సత్యా, విరిగిన హాక్సా బ్లేడు ముక్క ఉండాలి, తే" అన్నారు. ఇంగ్లీషు పానాకి మన మంచం నట్టు కాస్త వదులు. బ్లేడు ముక్క సందులో దోపి పానా పట్టించి, మోకాలు నేలకి తన్నిపెట్టి తిప్పారు. నాన్న గీసిన గీతలు ఆ మొదటి తిప్పులోనే చితికిపోయి ఉంటాయి. నాలుగు కోళ్ళకీ నాలుగు నట్లు, ఒక్కొక్కటీ నిదానంగా, చెవి ఆనించి వింటూ బిగించారు. తర్వాత మంచాన్ని రెండు చేతులతో ఊపి చూశారు. కిర్రుమనలేదు.

"ఇక ఊగదు. కూర్చోమ్మా" అన్నారు.

కూర్చున్నాను.